కాలేజీ పెప్ బ్యాండ్‌తో బాస్కెట్‌బాల్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటూ పెప్ బ్యాండ్‌లో చేరిన తెలుగు విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేను నాలుగేళ్లు మెలోఫోన్ అనే ఇత్తడి ఊదుడు వాయిద్యం వాయించాను. ఇప్పుడు బ్యాండ్ ప్రయాణాల ఏర్పాట్లలో సాయపడుతున్నాను. ముందే ఒక మాట చెప్పాలి: ఇది ఆట చూడటానికి వెళ్లే విహారయాత్ర కాదు. బ్యాండ్ అక్కడికి పని మీద వెళ్తుంది, ఆ పని కూడా ఆట ఆగిన క్షణాల్లోనే ఉంటుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క విషయమే.

పెప్ బ్యాండ్‌కూ మార్చింగ్ బ్యాండ్‌కూ తేడా ఏమిటి?

ఫుట్‌బాల్ రోజుల్లో మైదానం మీద వందల మందితో వరుసలు మార్చుకుంటూ కవాతు చేసేది మార్చింగ్ బ్యాండ్. బాస్కెట్‌బాల్ ఇండోర్ ఆట కాబట్టి అక్కడ అంతమందికి చోటూ ఉండదు, అంత శబ్దం అవసరమూ ఉండదు. అందువల్ల చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ పెద్ద బృందం నుంచే కొందరిని ఏరి, సాధారణంగా బుట్ట వెనక వైపు మెట్ల మీద నిలబెట్టి వాయింపజేస్తారు. దాన్నే పెప్ బ్యాండ్ అంటారు. ట్రంపెట్, మెలోఫోన్, ట్రాంబోన్, శాక్సాఫోన్, భుజానికి చుట్టుకునే సూసాఫోన్ ఇందులో ముఖ్యమైన వాయిద్యాలు. మెడకు తగిలించుకునే కవాతు డ్రమ్ములకు బదులు ఒకే ఒక డ్రమ్ సెట్టు, దానికి తోడుగా తరచూ ఒక బేస్ గిటారు ఉంటాయి. సభ్యుల్లో అధికులు సంగీత విద్యార్థులు కారు. మా వరుసలో నాకు అటూ ఇటూ నిలబడిన ఇద్దరిలో ఒకరు మెకానికల్ ఇంజనీరింగ్, మరొకరు నర్సింగ్ చదివేవారు.

జట్టు బయటి ఊళ్లలో ఆడే ప్రతి ఆటకూ బ్యాండ్ వెళ్తుందా?

వెళ్లదు. తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నవంబరు నుంచి మార్చి మొదటి వారం వరకు సాగే మామూలు సీజన్‌లో బ్యాండ్ దాదాపుగా సొంత అరీనాలోనే వాయిస్తుంది. అవతలి విశ్వవిద్యాలయానికి తన సొంత బ్యాండ్ ఉంటుంది, అతిథుల బ్యాండ్‌కు సీట్లు ఇవ్వవలసిన అవసరం దానికి ఉండదు. అసలైన ప్రయాణాలు మార్చిలో మొదలవుతాయి. మొదట కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయాల జట్ల కూటమి) టోర్నమెంటు వస్తుంది. బిగ్ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్ వాళ్లయితే 1983 నుంచి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు వెళ్తున్నారు, బిగ్ 12 వాళ్లు కాన్సాస్ సిటీకి వెళ్తారు. ఆ తరువాత, అర్హత దొరికితే, కాలేజీ క్రీడలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ పెట్టే దేశస్థాయి టోర్నమెంటు. పురుషుల పోటీ 1939లో 8 జట్లతో మొదలై ఇప్పుడు 68 జట్లకు చేరింది. మహిళల పోటీ 1982లో మొదలైంది, 2022 నుంచి అందులోనూ 68 జట్లు ఆడుతున్నాయి.

పురుషుల పోటీలో మొదటి రెండు రౌండ్లు ఎవరి సొంత ఊరూ కాని తటస్థ వేదికల్లో జరుగుతాయి. మహిళల పోటీలో మాత్రం అగ్రస్థానాల్లో నిలిచిన 16 జట్ల ప్రాంగణాల్లోనే ఆ రౌండ్లు జరుగుతాయి కాబట్టి, మీ మహిళల జట్టు బాగా ఆడిన ఏడాది బ్యాండ్ ఊరు కదలకుండానే ఎన్‌సీఏఏ ఆటలకు వాయించవచ్చు. పురుషుల జట్టూ మహిళల జట్టూ రెండూ అర్హత పొందితే బ్యాండ్‌ను రెండుగా విడదీస్తారు. ఎవరు ఏ వైపు అన్నది డైరెక్టరు నిర్ణయిస్తారు. పురుషుల జట్టు వైపు పడాలని పట్టుబట్టే పిల్లలను చూస్తే నాకు విసుగు. మహిళల ఆటల్లో జనం బ్యాండ్‌తో గొంతు కలపడం నేను ఎక్కువసార్లు చూశాను.

ఎంతమందిని తీసుకెళ్తారు?

ఎన్‌సీఏఏ టోర్నమెంటు ఆటల్లో 29 మంది వాద్యకారులకు, వారితో పాటు డైరెక్టరుకు మాత్రమే అనుమతి ఉంటుంది. ముప్పయ్యో వాద్యకారుడు లోపలికి రావాలంటే టికెట్టు కొనుక్కొని, చేతిలో వాయిద్యం లేకుండా ప్రేక్షకుడిగా రావలసిందే. సొంత అరీనాలో 60, 70 మందితో వాయించిన బృందం హఠాత్తుగా 29కి కుదించుకుపోయినప్పుడు ప్రతి ఒక్కరి తప్పూ వినపడుతుంది. ట్రంపెట్లు 7, శాక్సాఫోన్లు 6, మెలోఫోన్లు 4, ట్రాంబోన్లు 5, బారిటోన్లు 2, సూసాఫోన్లు 3, డ్రమ్ సెట్టు 1, బేస్ గిటారు 1 అని మేము ఒక ఏడాది సర్దుకున్నాం. ఈ లెక్క ఒక్కో బ్యాండ్‌లో ఒక్కో రకంగా ఉంటుంది.

ఆ 29 మందిని ఎలా ఎంపిక చేస్తారు?

సీజన్ అంతా సొంత ఆటలకు ఎన్నిసార్లు హాజరయ్యారన్నది సాధారణంగా మొదట చూస్తారు. డిసెంబరు సెలవుల్లో ప్రాంగణం ఖాళీగా ఉన్నప్పుడు జరిగే ఆటలకు వచ్చినవారి పేరు డైరెక్టరుకు గుర్తుంటుంది. తరువాత సీనియారిటీ, ఆపైన వాయిద్యాల సమతూకం చూస్తారు. ఎంత బాగా వాయించినా పదో ట్రంపెట్‌కు చోటు దొరకడం కష్టం. ఓ మోస్తరుగా వాయించే మూడో సూసాఫోన్ మాత్రం తప్పకుండా విమానం ఎక్కుతుంది. ఇది అన్యాయంగా అనిపించవచ్చు, కానీ కింది స్వరాలు లేని బ్యాండ్ అరీనాలో పీలగా వినపడుతుందన్నది వాస్తవం.

మా అబ్బాయి పదేళ్లు మృదంగం నేర్చుకున్నాడు. బ్యాండ్‌లో పనికొస్తుందా?

తాళజ్ఞానం తప్పకుండా పనికొస్తుంది, కానీ అది ఒక్కటే చాలదు. డ్రమ్ సెట్టు స్థానం ఒక్కటే కాబట్టి దానికి పోటీ విపరీతంగా ఉంటుంది. పైగా పాశ్చాత్య స్వరలిపి చదవడం రావాలి. కర్ణాటక సంగీతంలో గాత్రమో వయొలినో నేర్చుకున్న పిల్లలు విని పట్టుకోవడంలో దిట్టలు. శాక్సాఫోన్‌ను కద్రి గోపాలనాథ్ గారు కచేరీ వేదికల మీద నిలబెట్టారు గనుక ఆ వాయిద్యం మన ఇళ్లలో పరాయిదిగా తోచదు కూడా. అయితే ఇక్కడ ఆల్టో శాక్సాఫోన్ కాగితం మీద "సి" అని ఉన్నదాన్ని వాయిస్తే పియానోలో ఇ-ఫ్లాట్ వినిపిస్తుంది, ట్రంపెట్ అయితే బి-ఫ్లాట్ వినిపిస్తుంది. ఆధార షడ్జాన్ని పట్టుకొని పెరిగిన పిల్లలకు మొదటి నెలంతా ఇది తికమకగానే ఉంటుంది.

ఆట జరుగుతుండగా ఎప్పుడు వాయించాలి, ఎప్పుడు ఆపాలి?

బంతి ఆటలో ఉన్నంతసేపు ఏ వాయిద్యమూ మోగకూడదు. ఇది మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా. ఆటకు ముందు, టైమౌట్లలో, అర్ధ విరామంలో, ఆట ముగిశాక మాత్రమే సంగీతం ఉంటుంది. పురుషుల ఆటలో 20 నిమిషాల భాగాలు రెండు ఉంటాయి. ఒక్కో భాగంలో, 20 నుంచి కిందికి దిగే గడియారం 16, 12, 8, 4 నిమిషాల గుర్తు దాటాక ఆట మొదటిసారి ఆగినప్పుడు టీవీ ప్రకటనల కోసం మీడియా టైమౌట్ ఇస్తారు. మహిళల ఆటలో 2015-16 నుంచి 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు ఉన్నాయి. అక్కడ ఒక్కో క్వార్టర్‌లో 5 నిమిషాల గుర్తు దాటాక టైమౌట్ వస్తుంది. బ్యాండ్ సభ్యులు స్కోరుబోర్డులో అంకెల కంటే గడియారాన్నే ఎక్కువగా చూడటానికి కారణం ఇదే. గడియారం 12:20 చూపుతున్నప్పుడే ట్రంపెట్లు పెదవులు తడుపుకోవడం మొదలవుతుంది.

తటస్థ వేదికలో రెండు బ్యాండ్లూ టైమౌట్లను వంతులవారీగా పంచుకుంటాయి. ఏ టైమౌట్ ఎవరిదో ఆటకు ముందు నిర్వాహకులు కాగితం మీద రాసిస్తారు. మీ వంతు వచ్చేసరికి డైరెక్టరు తెల్లబోర్డు మీద ఒక సంఖ్య రాసి ఎత్తి చూపుతారు. వాయిద్యానికి బిగించిన చిన్న ఫ్లిప్ ఫోల్డరులో ఆ సంఖ్య ఉన్న పేజీని అందరూ మూడు, నాలుగు సెకన్లలో తెరవాలి. మన పెళ్లిళ్లలో మాంగల్యధారణ ఘడియ రాగానే పురోహితుడు చెయ్యెత్తి సైగ చేయడం, అప్పటివరకు నింపాదిగా సాగుతున్న సన్నాయి ఒక్క ఉదుటున గట్టిమేళం కావడం చూసినవారికి ఈ క్షణం కొత్తగా తోచదు. సన్నాయి విద్వాంసుడు రాగంలో ఎంత లీనమై ఉన్నా ఒక కన్ను పురోహితుడి చెయ్యి మీదే ఉంచుతాడు.

మొదలుపెట్టడం కంటే ఆపడమే కష్టం. టైమౌట్ ముగియబోతోందని మొదటి హారన్ మోగగానే డైరెక్టరు రెండు చేతులూ పైకెత్తి పిడికిళ్లు బిగిస్తారు. అప్పుడు పాటలో ఎంత మధురమైన చోట ఉన్నా అక్కడే తెగిపోవాలి. ఆ తరువాత మోగిన ఒంటరి ట్రాంబోన్ స్వరం అరీనా అంతటా వినపడుతుంది, ఆ ట్రాంబోన్ మనిషి చెవులు ఎర్రబడటం బ్యాండ్ అంతటికీ కనపడుతుంది.

వాయించని సమయంలో ఏం చేస్తారు?

నిలబడి అరుస్తారు. అది కూడా పనిలో భాగమే. ప్రత్యర్థి ఫ్రీ త్రో వేసేటప్పుడు గొంతుతో గోల చేయవచ్చు, వాయిద్యంతో చేయకూడదు. ఆటగాడి తల్లిదండ్రులను, రంగును, దేశాన్ని, పేరును ఎత్తి ఎగతాళి చేస్తే తిరుగు ప్రయాణంలో కాదు, అక్కడికక్కడే బయటకు పంపిస్తారు. పంపించాలి కూడా.

ప్రయాణం ఖాయమయ్యాక ఎంత వ్యవధి ఉంటుంది?

చాలా తక్కువ. ఎన్‌సీఏఏ జట్ల పట్టికను మార్చి నెలలో ఒక ఆదివారం సాయంత్రం ప్రకటిస్తారు. పురుషుల మొదటి రౌండు ఆ వచ్చే గురు, శుక్రవారాల్లో ఉంటుంది. అంతకు ముందే, మంగళ, బుధవారాల్లో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో ఫస్ట్ ఫోర్ అనే నాలుగు ప్రవేశ ఆటలు జరుగుతాయి. మీ జట్టు ఆ నాలుగు ఆటల్లో పడితే ప్రకటన వెలువడిన మరునాడే బయలుదేరవలసి రావచ్చు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నానికే బట్టలు ఉతికి పెట్టుకోవడం మంచిది. సంచిని నాలుగు రోజులకు సరిపడా సర్దుకోండి. గురువారం ఆడినవారు గెలిస్తే శనివారం మళ్లీ ఆడతారు, ఓడితే అదే రాత్రో మరునాటి ఉదయమో వెనక్కి వచ్చేస్తారు. ఎన్ని రోజుల ప్రయాణమో చెప్పమని తల్లిదండ్రులు అడిగితే నిజాయితీగా చెప్పగలిగే జవాబు "ఒకటి నుంచి నాలుగు" అన్నదే.

ఖర్చు ఎవరు భరిస్తారు?

ఎన్‌సీఏఏ టోర్నమెంటుకు వెళ్లే అధికారిక బృందంలో బ్యాండ్ కూడా భాగమే కనుక ప్రయాణం, హోటలు విద్యార్థి జేబు నుంచి పెట్టుకోనక్కరలేదు. కాన్ఫరెన్స్ టోర్నమెంటుకైతే సాధారణంగా విశ్వవిద్యాలయపు అథ్లెటిక్స్ విభాగం బస్సులు ఏర్పాటు చేస్తుంది. భోజనాలకు రోజుకింత అని చేతికిస్తారు, లేదా అందరికీ కలిపి తెప్పిస్తారు. కొన్ని చోట్ల ఆటకింత అని పారితోషికం ఇస్తారు, కొన్ని చోట్ల స్కాలర్‌షిప్పుగా ఇస్తారు, మరికొన్ని చోట్ల టీ షర్టు తప్ప ఏమీ ఇవ్వరు.

వీసా మీద ఉన్న విద్యార్థులు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

రెండు విషయాలున్నాయి. మొదటిది కాగితాలు. దేశం లోపల తిరిగే విమానానికి భారతీయ పాస్‌పోర్టు చెల్లుతుంది. 2025 మే 7 నుంచి రియల్ ఐడీ నియమం (విమానం ఎక్కడానికి కొత్త ప్రమాణాల గుర్తింపు కార్డు ఉండాలన్నది) అమలులోకి వచ్చింది కాబట్టి, పాత తరహా డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే పట్టుకెళ్లి భద్రతా తనిఖీ దగ్గర ఇబ్బంది పడకండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు) ప్రతి, ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి పత్రం) చేతి సంచిలో ఉంచుకోవాలి. వాటిని వాయిద్యం పెట్టెలో పెడితే అవి సామాన్ల బండితో వెళ్లిపోతాయి. సీజన్ మొదట్లో బహామాస్ వంటి చోట్ల కూడా టోర్నమెంట్లు జరుగుతాయి. దేశం దాటే ప్రయాణమైతే తిరిగి లోపలికి రావడానికి చెల్లుబాటులో ఉన్న వీసా, ఐ-20 మీద ప్రయాణ సంతకం ముందుగా చూసుకోవాలి.

రెండవది డబ్బు. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆటకింత అని ఇచ్చేది జీతం కింద లెక్కకు వస్తే, ఎఫ్-1 విద్యార్థికి తరగతులు నడిచే రోజుల్లో ప్రాంగణంలో వారానికి 20 గంటల పరిమితి వర్తిస్తుంది. అప్పటికే లైబ్రరీలోనో ల్యాబ్‌లోనో పని చేస్తున్నవారు ఆ గంటలను కూడా కలుపుకోవాలి. తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడి హెచ్-4తో చదువుతున్న పిల్లలకు, మన తెలుగు కుటుంబాల్లో వీరు చాలామందే ఉన్నారు, జీతం తీసుకునే అనుమతే లేదు. బ్యాండ్‌లో వాయించడానికి, ప్రయాణించడానికి అభ్యంతరం ఉండదు, చిక్కంతా చెక్కుతోనే. ఇచ్చేది జీతమా, స్కాలర్‌షిప్పా, భోజన ఖర్చా అన్నది విశ్వవిద్యాలయపు ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ఈమెయిల్ ద్వారా రాతపూర్వకంగా తెలుసుకొని, ఆ ఈమెయిల్‌ను దాచుకోండి. సీనియర్ చెప్పాడన్నది ఇక్కడ ఆధారం కాదు.

వాయిద్యాన్ని విమానంలో ఎలా తీసుకెళ్లాలి?

చార్టర్ విమానమైతే పెద్ద చింత ఉండదు, సూసాఫోన్ పెట్టెలతో సహా అన్నీ సామాన్ల అరలోకి వెళ్తాయి. మామూలు విమానాల విషయంలో 2012 నాటి ఒక కేంద్ర చట్టం విద్యార్థికి అండగా ఉంది. ట్రంపెట్ వంటి చిన్న వాయిద్యాన్ని, ఎక్కే సమయానికి పైఅరలోనో సీటు కిందో చోటుంటే, క్యాబిన్‌లోకి అనుమతించి తీరాలి. కనుక వెనక వరుసలో సీటు ఉన్నా ముందుగా ఎక్కే ప్రయత్నం చేయండి. వాల్వ్ ఆయిల్ సీసా మీద మండే స్వభావం ఉన్నదని రాసి ఉంటే దాన్ని ఇంట్లోనే వదిలేయండి.

పెట్టె మీద పేరుతో పాటు విశ్వవిద్యాలయం పేరు, బ్యాండ్ ఫోన్ నంబరు రాసి అంటించండి. నల్ల ట్రంపెట్ పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి. హోటలు లాబీలో ఏడు పెట్టెలు వరుసగా పెట్టి ఉంటే వాటిలో తన బిడ్డది ఏదో తల్లి కూడా గుర్తుపట్టలేదు.

అరీనాలో శ్రుతి ఎందుకు జారిపోతుంది?

చలి వల్ల. ఊదే వాయిద్యంలోని గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది. టోర్నమెంట్లు జరిగే పెద్ద అరీనాల్లో చాలావాటిలో ఐస్ హాకీ కూడా ఆడతారు. అక్కడ బాస్కెట్‌బాల్ చెక్క నేలను ఐస్ మీద కప్పిన పలకలపైనే పరుస్తారు. కింది వరుసల్లో నిలబడిన బ్యాండ్‌కు పాదాల నుంచి చలి తెలుస్తుంది. బస్సు దిగగానే శ్రుతి చూసుకొని ఉపయోగం లేదు. పావుగంట నెమ్మదిగా ఊది వాయిద్యాన్ని వేడెక్కించాకే చూసుకోవాలి. చెక్క క్లారినెట్‌ను చలిలో తీసి వెంటనే గట్టిగా ఊదితే పగులు పడవచ్చు కాబట్టి, ప్రయాణాలకు ప్లాస్టిక్ క్లారినెట్టే మేలు.

చెవులకు హాని ఉండదా?

ఉంటుంది, జాగ్రత్త పడకపోతే. అమెరికాలో పనిచోట్ల ఆరోగ్య భద్రతను పరిశోధించే సంస్థ నయోష్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగమవుతుంది. అంటే 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. డ్రమ్ సెట్టు ముందు, ట్రంపెట్ల ముందు వరుసలో నిలబడేవారు ఆ హద్దును ఒక్క ఆటలోనే దాటగలరు. సంగీతకారుల కోసం చేసే ఇయర్ ప్లగ్గులు స్వరాన్ని చెడగొట్టకుండా శబ్దాన్ని మాత్రం తగ్గిస్తాయి. "పెట్టుకుంటే పక్కవాళ్ల వాయింపు వినపడదు" అనే సాకు రెండు ఆటల తరువాత ఉండదు.

శాకాహారులకు భోజనం ఎలా?

ముందుగా చెప్పినవారికి దొరుకుతుంది, చెప్పనివారికి పిజ్జా మీది ముక్కలు ఏరుకోవలసి వస్తుంది. బ్యాండ్ ఫారంలో ఆహారం గడి దగ్గర "శాకాహారం" అని మాత్రమే రాస్తే గుడ్డు, చేప వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఏవి తినరో విడివిడిగా రాయండి. ఇంటి నుంచి పంపే పులిహోర బస్సు ప్రయాణపు మొదటి రోజుకు దివ్యంగా ఉంటుంది, రెండో రోజుకు ఉంచకండి. ఆవకాయ విషయంలో తల్లులకు ఒక మనవి: విమానాశ్రయ తనిఖీలో పచ్చడిని ద్రవంగానే లెక్కిస్తారు, చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించితే తీసి పడేస్తారు. కందిపొడి, కారప్పొడి వంటివి 350 మిల్లీలీటర్ల కొలతకు లోపల ఉంటే అదనపు తనిఖీ ఉండదు. ఒక చిన్న డబ్బా కందిపొడి, హోటల్లో దొరికే తెల్లన్నం, ఒక వెన్న ముక్క ఉంటే రాత్రి గడిచిపోతుంది. మా ట్రాంబోన్ వరుస మొత్తం కందిపొడికి అలవాటు పడింది.

తరగతులు పోతాయి కదా?

పోతాయి. విశ్వవిద్యాలయ పనిమీద వెళ్తున్నారని బ్యాండ్ కార్యాలయం లేఖ ఇస్తుంది. దాన్ని మీరే ఆచార్యులకు చూపించి, పరీక్ష ఉంటే ఎప్పుడు రాయవచ్చో బయలుదేరే ముందే అడగాలి. లేఖ ఉన్నంత మాత్రాన ప్రతి ఆచార్యుడూ ల్యాబ్‌ను మళ్లీ పెట్టడు. గ్రేడు అంచున ఉన్న సెమిస్టరులో ప్రయాణం మానుకున్నవారిని నేను గౌరవిస్తాను. డైరెక్టర్లు కూడా మనసులో పెట్టుకోరు.

జట్టుతో కలిసి ప్రయాణిస్తారా? ఆటగాళ్లతో మాట్లాడవచ్చా?

ఎన్‌సీఏఏ టోర్నమెంటుకు చాలాసార్లు జట్టు ఎక్కే చార్టర్ విమానంలోనే బ్యాండ్, ఛీర్ బృందం వెనక వరుసల్లో కూర్చుంటాయి. పలకరిస్తే నవ్వండి, ఫోటోలు అడగకండి. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఎవరి మోకాలికి ఐస్ కట్టు ఉంది, ఎవరు కుంటుతూ మెట్లెక్కారు అన్నవి మీ కళ్ల ముందే జరుగుతాయి. పందేలు కాసేవారికి ఆ సమాచారం బంగారం. దాన్ని స్నేహితుల వాట్సాప్ గ్రూపులో సరదాకు రాసినా మీ పేరు బయటకు వస్తుంది. చూసింది విమానంలోనే మరిచిపోండి. పందేల సంగతి సరేసరి, ఆ ఛాయలకే పోవద్దు.

ఏదైనా విశ్వవిద్యాలయపు బ్యాండ్ రాలేకపోతే ఏమవుతుంది?

దగ్గరలోని మరో విశ్వవిద్యాలయపు బ్యాండ్‌ను అడుగుతారు. 2024 మార్చి 22న వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో, ఎన్‌సీఏఏ పురుషుల టోర్నమెంటులో యేల్ విశ్వవిద్యాలయపు జట్టు ఆబర్న్ విశ్వవిద్యాలయపు జట్టుతో ఆడింది. వసంత సెలవుల కారణంగా యేల్ సొంత బ్యాండ్ రాలేకపోయింది. అక్కడికి సుమారు గంటన్నర దూరంలో, మాస్కో అనే ఊళ్లో ఉన్న ఐడహో విశ్వవిద్యాలయపు బ్యాండ్ ఆ బాధ్యత తీసుకుంది. యేల్ నీలం టీ షర్టులు తొడుక్కొని, ఆ విశ్వవిద్యాలయపు ఫైట్ సాంగ్‌ను (జట్టును ఉత్సాహపరిచే పాటను) తక్కువ వ్యవధిలో నేర్చుకొని, తమది కాని జట్టు కోసం గొంతు చించుకున్నారు. పదమూడో సీడు (టోర్నమెంటు ర్యాంకు) యేల్, నాలుగో సీడు ఆబర్న్‌ను 78–76తో ఓడించింది. మీ బ్యాండ్‌కు ఇలాంటి పిలుపు వస్తే, మీ జట్టు ఆడటం లేదు కదా అని అనాసక్తి చూపకండి. పిలిచిన జట్టు ఆటగాళ్లకు ఆ సాయంత్రం తమవాళ్లంటూ కనిపించేది మీరే కావచ్చు.

తల్లిదండ్రులు చూడాలంటే?

బ్యాండ్ సభ్యులకు ప్రవేశపత్రాలు ఇస్తారు, కుటుంబానికి ఇవ్వరు. టికెట్టు మీరే కొనుక్కోవాలి. పిల్లలు బుట్ట వెనక ఉంటారు కాబట్టి ఆ ఎదుటి మూల సీట్లు చవకగా దొరికితే అవే మేలు. టీవీలో చూసేవారికి ప్రకటనలు ముగిసి ఆటకు తిరిగి వచ్చే రెండు, మూడు సెకన్లలో బ్యాండ్ కనిపిస్తుంది. ఇండియా నుంచి చూసేవారు, మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు ముందుకు జరుగుతాయని గుర్తుంచుకోవాలి. ఆ తరువాత తూర్పు తీరపు సమయానికి మన సమయం తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి 7 గంటల ఆట అంటే మనకు మరునాటి తెల్లవారుజాము 4:30. ఆట జరుగుతుండగా ఫోన్ చేయకండి. మెడలో వాయిద్యం ఉన్న మనిషి ఫోన్ తీయలేడు.

ఏదైనా మరిచిపోతే?

నా మొదటి ప్రయాణంలో మెలోఫోన్ మౌత్‌పీస్‌ను హోటల్ గదిలో, ఉతకడానికి విప్పిన జాకెట్ జేబులో వదిలేశాను. అరీనాలో పెట్టె తెరిచి, ఆ చిన్న గుండ్రటి ఖాళీని చూశాక కడుపులో దేవినట్లయింది. మా దగ్గర అదనపుది లేదు. డైరెక్టరు ఏమీ అనకుండా కోర్టు అవతలి వైపు చూపించారు. ప్రత్యర్థి బ్యాండ్‌లోని మెలోఫోన్ అమ్మాయి తన సంచిలోంచి ఒకటి తీసి, చొక్కా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి మేము గెలిచాం. ఆట అయ్యాక నేను దాన్ని కడిగి తిరిగి ఇవ్వడానికి వెళ్తే, తీసుకొని తల ఊపింది తప్ప నవ్వలేదు. తప్పు పట్టలేదు నేను. అప్పటి నుంచి నా పెట్టెలో రెండు మౌత్‌పీస్‌లు ఉంటాయి, ఒకటి అప్పు ఇవ్వడానికి.

జట్టు ఓడిపోతే బ్యాండ్ ఏం చేస్తుంది?

పని పూర్తి చేస్తుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో గెలిచినా ఓడినా ఆట చివర తమ విశ్వవిద్యాలయపు గీతాన్ని వాయించే ఆనవాయితీ ఉంది. అప్పటికి అవతలి బ్యాండ్ సంబరంలో ఉంటుంది కాబట్టి, అది ఆగేదాకా వేచి ఉండి నెమ్మదిగా వాయించాలి. సీనియర్లకు అది కాలేజీలో ఆఖరి పాట. సూసాఫోన్ వరుసలో ఎవరైనా ఏడుస్తుంటే కింది స్వరాలు వణుకుతాయి, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. తరువాత ఫ్లిప్ ఫోల్డర్లు లెక్కపెట్టాలి, డ్రమ్ సెట్టు విప్పాలి, ట్రక్కు నింపాలి. తిరుగు విమానంలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. తెల్లవారుజామున ప్రాంగణంలో దిగుతారు. లేఖలో రాసిన తేదీ ఆదివారంతో ముగుస్తుంది కాబట్టి సోమవారం 8 గంటల తరగతికి మినహాయింపు ఉండదు.